వరండాలో మన పక్కన కూర్చున్నవారు



మీ ఇంటివారు లోపల వార్డులో ఉన్నారు. మీరు బయట బల్లమీద కూర్చొని, మందుల చీటీ చేతిలో పట్టుకొని, సిస్టరమ్మ ఎప్పుడు పిలుస్తుందా అని ఎదురుచూస్తున్నారు. ఈ చిన్న పుస్తకం మీ చేతికి వచ్చింది గనుక ఒక్కసారి తలెత్తి చుట్టూ చూడండి. చేవెళ్ళ, మొయినాబాద్ ఊళ్ళవారు ఉంటారు. వికారాబాద్, పరిగి, కుల్కచర్ల వైపు తండాల నుండి బీజాపూర్ రోడ్డు మీద బస్సెక్కి వచ్చిన లంబాడా కుటుంబం ఉంటుంది. ఇటుక బట్టీలో పనికని ఒడిశా నుండి వచ్చి, తెలుగు ఒక్క ముక్క రాక, మూలన నేలమీద కూర్చున్న భార్యాభర్తలు ఉంటారు. బుట్టలు అల్లుకొని బ్రతికే ఎరుకల ముసలమ్మ ఉండవచ్చు. దవాఖాన ఒక్కటే, ఓ.పి. చీటీ ఒక్కటే, డాక్టరు గారు ఒక్కరే. అయినా వైద్యం అందరికీ ఒకేలా అందుతుందా? ఈ పాఠంలో దాని గురించి ఆలోచిద్దాము.

యోహాను సువార్త 5వ అధ్యాయంలో యెరూషలేములోని బేతెస్ద కోనేటి సంగతి ఉంది. దాని చుట్టూ అయిదు మంటపాలు, వాటి నిండా రోగులు. నీళ్ళు కదిలినప్పుడు ముందుగా దిగినవారికి స్వస్థత. అక్కడ ఒకతను ముప్పై ఎనిమిది సంవత్సరాలుగా పడి ఉన్నాడు. యేసు ప్రభువు అతన్ని పలకరించినప్పుడు అతను చెప్పుకున్నది తన రోగం గురించి కాదు. తనను నీళ్ళలోకి దించే మనిషి లేడని, తాను ప్రాకుతూ వెళ్ళేలోగా ఇంకొకరు ముందు దిగిపోతున్నారని చెప్పాడు. కోనేరు అందరిదీ. అతన్ని వద్దని ఎవరూ తరిమివేయలేదు. అయినా ముప్పై ఎనిమిదేళ్ళు అది అతనికి అందలేదు. ఆరోగ్యంలో సమన్యాయం అంటే ఏమిటని ట్రెయినింగుకు వచ్చే అమ్మాయిలు అడిగితే నేను ముందు ఈ కథే చెప్తాను. అందరికీ ఒకే తలుపు తెరిచిపెట్టడం ఒక సంగతి. నడవలేనివాడు ఆ తలుపు దాకా ఎలా వస్తాడని చూడడం వేరే సంగతి.

లెక్కలు ఏమి చెప్తున్నాయి?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో గిరిజనులు 10 కోట్ల 40 లక్షలకు పైగా ఉన్నారు. ఇప్పటి తెలంగాణ ప్రాంతంలో దాదాపు 32 లక్షలు. వీరిలో ఎక్కువమంది లంబాడాలే. ఉత్తరాన గోండులు, కోలాములు, తోటీలు, గోదావరి వైపు కోయలు, కొండరెడ్లు, నల్లమలలో చెంచులు ఉన్నారు.

గిరిజనుల ఆరోగ్యం మీద కేంద్ర ప్రభుత్వం డాక్టర్ అభయ్ బంగ్ గారి అధ్యక్షతన 2013లో ఒక నిపుణుల కమిటీ వేసింది. 2018లో నివేదిక వచ్చింది. అందులో క్షయ లెక్క చూడండి. దేశం మొత్తం మీద లక్షమందిలో 256 మందికి క్షయ ఉంటే, గిరిజనులలో లక్షకు 703 మందికి ఉంది. మలేరియా మరణాలలో దాదాపు సగం వారివే, జనాభాలో చూస్తే వారు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గిరిజన స్త్రీలలో నూటికి దాదాపు 65 మందికి రక్తహీనత కనిపించింది. మిగతావారి సంగతి గొప్పగా ఉందని కాదు, అందరు స్త్రీలనూ కలిపి చూసినా నూటికి 57. అయిదేళ్ళు నిండకుండా చనిపోయే పిల్లలు దేశంలో వెయ్యికి 42 మంది అయితే గిరిజనులలో 50 మంది.

ఇది ఒక్క మన దేశం సంగతే కాదు. డబ్బుకు, డాక్టర్లకు కొదువలేని ఆస్ట్రేలియాలో కూడా అక్కడి మూలవాసులు మిగతావారికంటే ఎనిమిదేళ్ళు తక్కువ బ్రతుకుతున్నారని 2020-22 లెక్కలు చెప్తున్నాయి. కాబట్టి పేదరికం ఒక్కటే కారణం అనుకోవద్దు.

పైన చెప్పిన కమిటీ నివేదికలో ఇంకొక ముఖ్యమైన మాట ఉంది. దేశంలోని గిరిజనులలో సగానికి పైగా, గిరిజనులు ఎక్కువగా ఉండే మండలాలకు బయటే నివసిస్తున్నారు. మన ప్రాంతానికి ఇది బాగా వర్తిస్తుంది. ప్రభుత్వ నియమం ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5,000 మందికి ఒక సబ్‌సెంటర్ ఉండాలి. కొండ, గిరిజన ప్రాంతాలలో అయితే 20,000 మందికే ఒక కేంద్రం, 3,000 మందికే ఒక సబ్‌సెంటర్. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలంలో ఐ.టి.డి.ఏ.లు కూడా ఉన్నాయి. ఇవన్నీ మంచి ఏర్పాట్లే. కాని మన రంగారెడ్డి, వికారాబాద్ జిల్లాల తండాలు మైదానంలో ఉన్నాయి. తండావాసికి కష్టాలు గిరిజనునివి, లెక్కలు మైదానంవి. క్షయ రోగికి రాకపోకల ఖర్చుకని ఇచ్చే 750 రూపాయలు కూడా నోటిఫై చేసిన గిరిజన ప్రాంతాలవారికే. హైదరాబాదు దీపాలు రాత్రిపూట కనిపించేంత దగ్గరలో ఉన్న తండాకు ఏమి లోటు అని పైనుండి చూసేవారికి అనిపిస్తుంది. తండా నుండి రోడ్డు దాకా నిండు చూలాలు నడిచివచ్చే దూరం ఆ దీపాలలో కనిపించదు.

2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. నీళ్ళు, మురుగుకాల్వ, రోడ్డు గురించి అడగడానికి ఇప్పుడు వారికి సొంత సర్పంచి ఉన్నారు. ఇది మేలైన సంగతే.

“ఇంత ఆలస్యంగా తెస్తారా?”

ఈ మాట దవాఖానలో మేము రోజూ అంటాము. నేను కూడా చాలాసార్లు అన్నాను. వైద్యశాస్త్రంలో మూడు ఆలస్యాలని చెప్తారు: వెళ్దామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, దవాఖాన చేరడంలో ఆలస్యం, చేరిన తర్వాత వైద్యం మొదలవడంలో ఆలస్యం. మనం మొదటిదాన్నే చూసి మనుషులను తిడతాము. మూడవది మన చేతిలోనే ఉందని మరచిపోతాము.

చాలా ఏళ్ళ క్రితం నేను వేరే చోట పనిచేస్తున్నప్పుడు జరిగింది చెప్తాను. తొలి చూలు లంబాడా అమ్మాయి, ఇరవై ఏళ్ళు ఉండవు, పరీక్షకు వచ్చేది. రక్తం తక్కువగా ఉంది. ఐరన్ మాత్రలు ఇచ్చి ఎలా వేసుకోవాలో తెలుగులో గడగడా చెప్పాను. అర్థమైందా అంటే తలూపింది. కార్డు మీద ‘సలహా ఇవ్వబడినది’ అని రాసి సంతకం చేశాను. మళ్ళీ నెల వచ్చింది, మళ్ళీ అడిగాను, మళ్ళీ తలూపింది. ఎనిమిదవ నెలలో ఆయాసంతో, కాళ్ళ వాపుతో తీసుకువచ్చారు. హిమోగ్లోబిన్ ఆరు గ్రాములు. నేను కోపంతో, మాత్రలు వేసుకోలేదా అని అరిచాను. అప్పుడు వాళ్ళ అత్త కొంగు ముడి విప్పి మూడు నెలల మాత్రలు నా బల్లమీద పెట్టింది. మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అయిందట, లోపల రక్తం మాడిపోతోందని భయపడి మానేశారట. పారవేస్తే సిస్టరమ్మకు కోపం వస్తుందని దాచి తెచ్చారు. ఆ ఇంట్లో మాట్లాడేది గోర్‌బోలి. ఆ అమ్మాయికి తెలుగు పది మాటలకు మించి రాదు. భర్త పూణేలో కూలికి వెళ్ళాడు. నేను తలూపడాన్ని సమాధానం అనుకున్నాను. పెద్దవాళ్ళు గద్దించి మాట్లాడితే ఎవరైనా తలూపుతారు.

ఆమెకు రక్తం ఎక్కించవలసి వచ్చింది. తండా నుండి వచ్చింది అత్త ఒక్కతే. ఆ రోజు పక్క మంచం రోగి తమ్ముడు, షాబాద్ వైపు రైతు, ఎవరూ అడగకముందే లేచి వచ్చి రక్తం ఇచ్చాడు. కాన్పు అయింది. బిడ్డ తక్కువ బరువుతో పుట్టింది గాని బ్రతికింది. తల్లి కూడా బ్రతికింది.

అప్పటి నుండి నేను మాత్రలు ఇచ్చేటప్పుడు ‘నల్లగా అవుతుంది, భయపడవద్దు’ అన్న మాట ముందు చెప్తాను. మీ ఇంట్లో గర్భిణి ఉంటే మీరు కూడా తెలిసికోండి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములు ఉండాలి. 7 కంటే తగ్గితే ప్రాణాపాయం, వెంటనే దవాఖానలో చేర్చాలి. ఐరన్ మాత్ర నాలుగవ నెల నుండి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు, కాన్పు తర్వాత ఇంకొక 180 రోజులు వేసుకోవాలి. సబ్‌సెంటర్‌లో ఉచితంగా ఇస్తారు. టీతో కలిపి వేసుకుంటే మాత్ర ఒంటబట్టదు, ముందు వెనుకల గంట సేపు టీ తాగకూడదు. నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే మంచిది. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్న తర్వాత వేసుకోవచ్చు.

భాషతో పాటు చిన్న చిన్న అవమానాలు కూడా మనిషిని దవాఖానకు దూరం చేస్తాయి. బి.పి. చూడాలంటే చేతికి పట్టీ కట్టాలి. పాత తరం లంబాడా స్త్రీలకు మోచేతి పైన కూడా గాజులు ఉంటాయి. ‘తీసెయ్’ అని తేలికగా అనేస్తాము. ఆ పై గాజులు భర్త బ్రతికి ఉన్నదానికి గుర్తు, భర్త పోయినప్పుడు తీస్తారు. మన మెడలో తాళి తీసి బల్లమీద పెట్టమంటే ఎలా ఉంటుంది? అవసరమైతే తీయించాలి, కాని కారణం చెప్పి, అడిగి, దగ్గరుండి తీయించాలి. వారి మాటలో తల్లిని యాడి అంటారు. పెద్దామెను ‘యాడీ’ అని పిలిచి చూడండి, ముఖం ఎలా మారుతుందో.

రిజిస్టరు చూస్తేనే భయపడేవారు కూడా ఉన్నారు. దానికి వెనుక చరిత్ర ఉంది. 1871లో బ్రిటిషువారు ఒక చట్టం తెచ్చి కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేశారు. ఎరుకలవారు, సుగాలీలు కూడా ఆ జాబితాలలోకి ఎక్కారు. పోలీసు ఠాణాలో హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. 1952లో గాని ఆ చట్టం పోలేదు. ఆ చట్టం కింద బ్రతికిన తాతలు చెప్పిన మాటలు మనుమల దాకా నిలిచి ఉంటాయి. ఊరేది, పేరేది, వేలిముద్ర వెయ్యి అని మనం గబగబా అడిగితే వారికి ఏమి గుర్తుకు వస్తుందో ఆలోచించండి.

సికిల్ సెల్ రక్తహీనత

దీని గురించి మన వైపు చాలామందికి తెలియదు. ఆదిలాబాద్ గోండులు, కోలాములు, గోదావరి వైపు కోయలు, ఛత్తీస్‌గఢ్, పశ్చిమ ఒడిశా ప్రజలలో ఎక్కువగా కనిపించే జబ్బు. అక్కడి నుండి కుటుంబాలు మన వైపు ఇటుక బట్టీలకు, తోటలకు, కట్టడాల పనికి వస్తున్నాయి గనుక చెప్తున్నాను. మన రక్తంలోని ఎర్ర కణాలు గుండ్రంగా ఉంటాయి. ఈ జబ్బులో అవి కొడవలి ఆకారానికి వంగి, సన్నటి రక్తనాళాలలో ఇరుక్కుపోతాయి. ఎముకలలో, కీళ్ళలో, కడుపులో భరించలేని నొప్పి వస్తుంది. కళ్ళు పచ్చబడతాయి. పిల్లలకు మాటిమాటికి జ్వరం వస్తుంది.

ఇది అంటువ్యాధి కాదు, శాపమూ కాదు, తల్లిదండ్రుల నుండి వచ్చేది. ఒక్కరి నుండే ఆ లక్షణం వస్తే సామాన్యంగా జబ్బు ఉండదు, కాని మోస్తూ ఉంటారు. అలా మోసేవారు ఇద్దరు పెళ్ళిచేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మన దేశపు గిరిజనులలో దీన్ని మొదటిసారి 1952లో నీలగిరులలో గుర్తించారు. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. గిరిజన ప్రాంతాలలో 40 ఏళ్ళలోపువారు ఏడు కోట్లమందికి పరీక్ష చేయాలని, 2047 నాటికి నిర్మూలించాలని లక్ష్యం. పరీక్షకు వేలి చివర ఒక చుక్క రక్తం చాలు. తర్వాత ఖాయం చేసుకోవడానికి ఇంకొక పరీక్ష ఉంటుంది. హైడ్రాక్సీయూరియా అనే మందు నొప్పులను తగ్గిస్తుంది.

ఇందులో నర్సులకు, బట్టీ మేస్త్రీలకు ఒక హెచ్చరిక ఉంది. నొప్పి వచ్చినవాడు ఒళ్ళు వంచలేక నాటకం ఆడుతున్నాడని అంటారు. బయటికి గాయం కనిపించదు గనుక అలా అనిపిస్తుంది. ఎండలో నీళ్ళు తాగకుండా పని చేస్తే ఆ నొప్పి ఇంకా పెరుగుతుంది. మీ దగ్గర పనిచేసేవారు అలా విలవిలలాడితే నీళ్ళు బాగా తాగించి, దవాఖానకు తీసుకురండి. ఈ పరీక్ష ఒకసారి చేయమని అడగండి.

క్షయ

క్షయ గురించి ఈ పుస్తకంలో వేరే పాఠం ఉంది గనుక ఇక్కడ కొంచెమే. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే తెమడ పరీక్ష చేయించాలి. పరీక్ష, మందులు ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలల మందు. పౌష్టికాహారానికి 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలు చేశారు. అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా లేనివారికి ఆలస్యమవుతుంది, కాబట్టి మొదటి రోజే ఖాతా సంగతి మాట్లాడండి.

తండావారికి అసలు ఇబ్బంది వలస. రెండు నెలలు మందు వాడగానే ఒంట్లో బాగుంటుంది, పనికి పూణే, బొంబాయి వెళ్ళిపోతారు, మందు ఆగిపోతుంది. రోగికి ఇచ్చే నిక్షయ్ నంబరు దేశమంతా పనిచేస్తుంది. ఆ నంబరు చూపితే అక్కడి ప్రభుత్వ దవాఖానలో అదే మందు కొనసాగిస్తారు. ఆ నంబరును చీటీ మీద రాసి, సెల్‌ఫోన్ కవరు వెనుక పెట్టుకోమని మేము చెప్తున్నాము. కాగితం పోతుంది గాని ఫోను పోనివ్వరు.

బల్లమీద కూర్చున్న మీరు

2008 సెప్టెంబరులో కెనడా దేశం విన్నిపెగ్ నగరంలో బ్రయన్ సింక్లేర్ అనే మూలవాసి, 45 ఏళ్ళవాడు, చక్రాల కుర్చీలో ఒక పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చాడు. మూత్రం గొట్టం మూసుకుపోయి ఇన్‌ఫెక్షన్ అయింది. గొట్టం మార్చి, మందులు ఇస్తే నయమయ్యేది. అతన్ని ఎవరూ లోపలికి పిలవలేదు. తాగి ఉన్నాడని కొందరు, తల దాచుకోవడానికి వచ్చాడని కొందరు అనుకున్నారు. 34 గంటలు అదే కుర్చీలో ఉండి, అక్కడే చనిపోయాడు. ఈ సంగతి మొదట చదివినప్పుడు నర్సుగా నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మా హాలులో అలా ఎవరైనా ఉండిపోయారా అని మనసులో వెతుక్కున్నాను.

దీన్ని మీకు చెప్పడానికి కారణం ఉంది. ఆ హాలులో అతన్ని గమనించినవారు లేకపోలేదు. వాంతి చేసుకుంటుంటే చూశారు. అతనికి బాగోలేదని సిబ్బందితో చెప్పినవారు మీలాంటి సందర్శకులే. వారి మాట ఎవరూ పట్టించుకోలేదు.

కాబట్టి మా దవాఖానలో మీరు ఒక్కసారి చెప్పి ఊరుకోవద్దు. మీ పక్కన ఎవరైనా చాలాసేపటి నుండి కదలకుండా ఉంటే, ఆయాసపడుతుంటే, చిన్నపిల్ల నీరసంగా వాలిపోతుంటే, గర్భిణికి రక్తం పోతుంటే లేచి వచ్చి సిస్టరుకు చెప్పండి. ఆమె పనిలో ఉండి ‘ఆగండి’ అంటే రెండోసారి చెప్పండి. మూడోసారి డాక్టరు గది తలుపు కొట్టండి. మీ వంతు పోదు, మీ చీటీ నంబరు అలాగే ఉంటుంది. వారు తాగివచ్చారని మీకు అనిపించినా చెప్పండి. తాగినవారికీ గుండెనొప్పి వస్తుంది, షుగరు పడిపోయినవారు కూడా తాగినవారిలాగే తూలుతారు.

మీకు గోర్‌బోలి గాని, ఒరియా గాని, హిందీ గాని వస్తే చీటీలు రాసే కౌంటరులో మీ పేరు చెప్పి ఉంచండి. మేము పిలిచినప్పుడు అయిదు నిమిషాలు వచ్చి సిస్టరు మాట వారికి, వారి మాట సిస్టరుకు చెప్పండి. ఆడవారి జబ్బు సంగతి అయితే ఆడవారే రావాలి. విన్నది వరండాలో చెప్పవద్దు.

రక్తం ఇవ్వగలవారు కూడా చెప్పండి. 18 ఏళ్ళు దాటి, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటే చాలు. తీసేది 350 మిల్లీలీటర్లు. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. మీ రక్తం ఎవరికి ఎక్కిస్తామో కులం, తెగ అడిగి ఇచ్చేవారు ఇప్పటికీ ఒకరిద్దరు కనిపిస్తారు. వారికి మేము గ్రూపు మాత్రమే చెప్తాము.

ఇంటికి పంపే రోజున మీ చీటీ మీద ఉన్నది మీకు అర్థమయ్యేదాకా వెళ్ళవద్దు. సిస్టరు చెప్పింది విని, మీ మాటల్లో తిరిగి ఆమెకే అప్పజెప్పండి: ఏ మాత్ర, ఎన్ని, ఎప్పుడు, ఎన్ని రోజులు, ఏమి కనిపిస్తే మళ్ళీ రావాలి. ఆమె విసుగుపడినా అడగండి. పక్క మంచంవారికి చదువు రాకపోతే వారి చీటీ కూడా మీతోపాటు కౌంటరుకు తీసుకురండి. పొద్దుటి మాత్రకు సూర్యుని బొమ్మ, రాత్రి మాత్రకు చంద్రుని బొమ్మ కవరు మీద వేసి ఇస్తాము. పెన్ను కౌంటరు దగ్గర దారం కట్టి ఉంటుంది, సిస్టరు తీరిక లేకుండా ఉంటే బొమ్మలు మీరే వేయండి, వేసిన తర్వాత ఆమెకు ఒకసారి చూపించండి.